విషయం: టెంపో సీసాలో రాడికల్ తక్కువగా ఉండటం గురించి

అనంతపురం,
మే 19

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

అయ్యా,

మీ కంపెనీ నుంచి తెప్పించిన 25 గ్రాముల టెంపో (జతలేని ఎలక్ట్రాన్ ఉన్న అణువు, అంటే రాడికల్, అయినా నిలకడగా ఉండే రసాయనం) సీసాలో రాడికల్ తక్కువగా ఉందని మేం మెయిల్ పెడితే, మా ఊరి ఎండకు కరిగి పాడైపోయి ఉంటుందని, బాధ్యత మీది కాదని రెండు ముక్కల్లో జవాబిచ్చారు. ఆ జవాబు తప్పు. అందుకే ఈ ఉత్తరం.

కరిగిన మాట నిజమే. టెంపో 36–38 డిగ్రీలకే కరుగుతుంది, మే నెలలో మా ఊళ్లో కొరియర్ గోడౌన్‌లు అంతకన్నా వేడి. ఎర్రటి పలుకులుగా రావాల్సింది అడుగున గడ్డకట్టి వచ్చింది. దానికి మేం గొడవ పెట్టుకోలేదు. కరిగి గడ్డకట్టినంత మాత్రాన జతలేని ఎలక్ట్రాన్‌కు జత దొరకదు. 1900లో రసాయన శాస్త్రవేత్త గోంబర్గ్ చేసిన రాడికల్ ట్రైఫినైల్‌మిథైల్ లాగా గాలి తగిలితే పోయే సరుకూ కాదిది. నైట్రోజన్‌కు అటూ ఇటూ నాలుగు మిథైల్ గ్రూపులు కాపలా ఉన్నాయి. అమ్మేవాళ్లకు ఇది మేం చెప్పాలా?

అసలు గొడవ అయస్కాంత కొలతలో వచ్చింది. ఒక్క జతలేని ఎలక్ట్రాన్ ఉంటే అయస్కాంత భ్రామకం (అణువు అయస్కాంత బలం) 1.73 బోర్ మాగ్నెటాన్లు (దాన్ని కొలిచే యూనిట్) రావాలి. మీ సరుకుకు 1.4 దాటలేదు. ససెప్టిబిలిటీ (అయస్కాంతానికి పదార్థం ఎంతగా స్పందిస్తుందన్న కొలత) భ్రామకం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, సీసాలో అసలు రాడికల్ మూడింట రెండు వంతులే. లేబుల్ మీద మాత్రం 98 శాతం.

వేడికి అయస్కాంత గుణం తగ్గుతుంది కదా అని మీవాళ్లు ఫోన్‌లో అన్నారు. ఉష్ణోగ్రత పెరిగితే ససెప్టిబిలిటీ తగ్గుతుందనే క్యూరీ నియమం మాకూ తెలుసు. 25 నుంచి 38 డిగ్రీలకు పోయినా ససెప్టిబిలిటీలో తగ్గేది నాలుగు శాతం. పైగా ఏసీ గదిలో తూచి, ఉష్ణోగ్రతను లెక్కలో వేసి, జత ఎలక్ట్రాన్ల వల్ల వచ్చే చిన్న వికర్షణను లెక్కగట్టే డయామాగ్నెటిక్ సవరణ కూడా చేశాం. అయస్కాంత గుణాన్ని తూచే గూయ్ బ్యాలెన్స్‌ను ప్రమాణ పదార్థమైన మెర్క్యురీ కోబాల్ట్ థయోసయనేట్‌తో సరిచూశాకే పని మొదలుపెట్టాం. అదే బ్యాలెన్స్ మీద, మా ఎమ్మెస్సీ పిల్లలు హైడ్రోజన్ పెరాక్సైడ్, సోడియం టంగ్‌స్టేట్ వాడి సొంతంగా చేసిన, టెంపో జాతికే చెందిన రాడికల్ టెంపోల్‌కు 1.70 వచ్చింది. మీ సీసాను ప్రమాణంగా పెట్టుకుని పిల్లల సరుకును పరీక్షిద్దామనుకున్నాం, వ్యవహారం తిరగబడింది.

మీ గడ్డలోంచి కొంచెం తీసి సబ్లిమేషన్ చేస్తే (వేడిచేసి నేరుగా ఆవిరిగా మార్చి మళ్లీ గడ్డకట్టిస్తే) చల్లటి గాజుకు చక్కటి ఎర్ర పలుకులు పట్టాయి. వాటికి 1.71. అడుగున పాలిపోయిన జిగురు మిగిలింది. రాడికల్‌ను తయారుచేసే ఆక్సీకరణ మధ్యలో ఆపారో, శుద్ధి చేయడం ఎగ్గొట్టారో మీరే చెప్పాలి. ఇంకో సంగతి: సీసా మీది బ్యాచ్ నంబరు ఒకటి, సర్టిఫికెట్ మీది వేరొకటి!

కొత్త బ్యాచ్ సీసా, దానితోపాటు ఆ బ్యాచ్‌దే సర్టిఫికెట్, అందులో జతలేని ఎలక్ట్రాన్లను పసిగట్టే ఈఎస్ఆర్ యంత్రం‌తో కొలిచిన స్పిన్ లెక్క (జతలేని ఎలక్ట్రాన్ల సంఖ్య) జూన్ మొదటి వారంలోగా పంపండి. లేదంటే డబ్బు వాపసు చేయండి. ఈసారి జెల్ ప్యాక్ పెట్టండి. కరిగితే మాకొచ్చే నష్టం లేదు గానీ, మళ్లీ మీరు ఎండ మీదికి నెట్టకూడదు. పాత సీసాకు సీలు వేసి ఫ్రిజ్‌లో ఉంచాం, మీ మనిషిని పంపితే ఇచ్చేస్తాం.

ఇట్లు,
కెమిస్ట్రీ లెక్చరర్,
అనంతపురం