మన ఎండకి, మన మొహాలకి తగ్గ ఫోటో పాఠాలు వెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ ఆదివారం అనుబంధంలో కొత్తగా ఫోటోలు నేర్చుకునేవాళ్ళ కోసం ఒక పేజీ వేశారు కదా, చదివాను. బాగానే ఉంది గానీ సగం పేజీ ఏ కెమెరా కొనాలి ఏ లెన్స్ కొనాలి అన్నదానికే సరిపోయింది, మిగతా సగంలో "సూర్యాస్తమయానికి గంట ముందు వెళ్ళండి, ఆ గంటంతా బంగారు వెలుగే" అని రాశారు. ఎక్కడ సార్ ఆ గంట? అది చలిదేశాల వాళ్ళు వాళ్ళ ఊరికి రాసుకున్న మాట, బెంగళూరులో ఉన్న మనం దాన్ని నమ్ముకుని బయల్దేరితే చీకట్లో తిరిగి రావాల్సిందే.

మన దగ్గర సూర్యుడు దాదాపు నిటారుగా దిగిపోతాడు, బెంగళూరు ఉన్నది 13 డిగ్రీల అక్షాంశం మీద కాబట్టి. మార్చి నెల చివర్లో లెక్క వేస్తే ఆ బంగారు వెలుగు మొదలయ్యే 6 డిగ్రీల ఎత్తు నుంచి సూర్యుడు పూర్తిగా దిగిపోడానికి ఇక్కడ 25 నిమిషాలు పడితే లండన్లో 40 నిమిషాల దాకా పడుతుంది, చలికాలంలో అయితే అక్కడ ఇంకా సాగుతుంది. పైగా మాకు ఆ 25 నిమిషాలు కూడా పూర్తిగా దొరకవు, పడమటి వైపు ఒక పదిహేను అంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంటే చాలు, అసలు టైమ్ కంటే ముందే మనకి అస్తమయం అయిపోతుంది. మారతహళ్లి నుంచి సాయంత్రం కబ్బన్ పార్కుకి బయల్దేరామా, డొమ్లూరు దాటేసరికే వెలుగు అయిపోయి ఉంటుంది. అందుకే పొద్దున్నే మేలు, ఆదివారం అయితే పార్కు లోపలి రోడ్ల మీదికి బండ్లు కూడా రానివ్వరు, హాయిగా ఉంటుంది.

ఇక మధ్యాహ్నం సంగతి. ఏప్రిల్ 24 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 18 ప్రాంతంలో ఇంకోసారి ఇక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు, నిలబెట్టిన కర్రకి నీడే ఉండదు, జీరో షాడో డే అని పిల్లలకి చూపిస్తారు కూడా. కర్రకి నీడ లేకపోవడం పిల్లలకి సరదాగా ఉంటుంది గానీ మనిషి మొహానికి మాత్రం నీడలు అప్పుడే ఎక్కువ, కనుబొమ్మల నీడ కళ్ళ మీద పడి రెండు గుంటల్లా కనిపిస్తాయి, ముక్కు నీడ పెదవి మీద మీసంలా వాలుతుంది. ఆ టైమ్‌లో ఫోటో తియ్యకూడదు అని మీ పేజీలో ఒక్క ముక్కలో తేల్చేశారు. పెళ్ళిళ్ళు, సీమంతాలు, గృహప్రవేశాలు మధ్యాహ్నం భోజనాల దాకా నడిచే ఇళ్ళు మనవి, తియ్యకపోతే ఎట్లా? ఎక్కడ నిలబెట్టాలో చెప్పాలి గానీ.

దానికి నా లెక్కలో బెంగళూరులో అన్నిటికంటే మంచి స్టూడియో అపార్ట్‌మెంట్ కింద స్తంభాల మధ్య కార్లు పెట్టుకునే స్టిల్ట్ పార్కింగ్, నవ్వకండి. కార్లు లోపలికి వచ్చే ద్వారం దగ్గర నేల మీద ఎండ గీత ఒకటి కనిపిస్తుంది చూడండి, గీతకి అవతల ఎండ, ఇవతల నీడ. అనంతపురం నుంచి మా పిన్ని వచ్చినప్పుడు పట్టుచీర కట్టుకుని ఫోటో తియ్యమంటే అక్కడికే తీసుకెళ్ళాను. ముందు కార్ల మధ్య లోపలెక్కడో నిలబడింది, మొహం చప్పగా ఉంది, కళ్ళల్లో జీవం లేదు. ఒక్కో అడుగూ ముందుకి రమ్మన్నాను. చెప్పుల ముందు జానెడు దూరంలో ఎండ గీత ఉందనగా ఆగమన్నాను, అంతే, రెండు కళ్ళల్లో తెల్లటి వెలుగు ముక్క వచ్చి కూర్చుంది, బయట నేల మీద పడిన ఎండ కింద నుంచి కొట్టడం వల్ల గడ్డం కింద నీడ కూడా పల్చబడింది, వెనక పార్కింగ్ అంతా చీకటి కాబట్టి ఏ పరదా అక్కర్లేకుండా నల్లటి బ్యాక్‌గ్రౌండ్ దానంతట అదే వచ్చేసింది. ఫోన్‌తో తీసిన ఫోటో అది. నీడలో నిలబెట్టి వెలుగు వైపు చూడమనడం, ఇంతే విషయం, దీనికి లక్ష రూపాయల లెన్స్ దేనికో నాకర్థం కాదు. ఎక్కడ నిలబెట్టాలో తెలియకపోతే మన అరచేయి మొహం ముందు పెట్టుకుని మెల్లగా చుట్టూ తిరగండి, గీతలు మెత్తబడి చేయి నునుపుగా కనిపించిన వైపే మనిషి మొహం ఉండాలి.

నీడలన్నీ ఒకటి కావు, ఇదీ చెప్పాలి. కబ్బన్ పార్కులో పెద్ద చెట్ల కింద ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడుతుంది, కంటికి అందం గానీ మొహం మీద పడితే బొల్లి మచ్చల్లా వస్తాయి. అక్కడే వెదురు పొదల దగ్గర అందరూ క్యూ కట్టి తీసుకుంటారు, చుట్టూ పచ్చదనమే కాబట్టి ఆ పచ్చ అంతా గడ్డానికీ మెడకీ అంటుకుని జాండీస్ వచ్చిన మనిషిలా కనిపిస్తారు. అదే శేషాద్రి అయ్యర్ మెమోరియల్ లైబ్రరీ ఎర్ర భవనం పక్కన, గోడకి ఎండ తగులుతున్నప్పుడు నిలబెట్టి చూడండి, ఆ ఎరుపు చెంపకి కొంచెం అంటి మన రంగుకి భలే ఉంటుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా మబ్బు పట్టి ఉంటే ఆకాశం అంతా తెల్ల పంచె ఆరేసినట్టే, ఎక్కడ నిలబెట్టినా మెత్తటి వెలుగే, కాకపోతే ఆ తెల్ల ఆకాశాన్ని మాత్రం ఫ్రేమ్‌లోకి రానివ్వకండి. గడ్డం కింద ఇంకా నల్లగా ఉంటే వెలుగు పైకి తిరగ్గొట్టడానికి ఒక తెల్ల థర్మోకోల్ షీట్ ఒళ్ళో పెట్టుకోమనండి, అదీ లేకపోతే మీ పేపరే విప్పి పట్టుకోమనండి, పనికొస్తుంది, చందా డబ్బులు అట్లా కూడా గిట్టుబాటు అవుతాయి.

అసలు నేను ఈ ఉత్తరం రాయడానికి ముఖ్య కారణం రంగు. మీ పేజీలో అన్ని ఫోటోలూ పాలమీగడ లాంటి తెల్లటి వాళ్ళవే. కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ ఏం చేస్తుందంటే ఎదురుగా ఉన్నదంతా కలిపి మధ్యస్థంగా బూడిద రంగులోకి తేవాలని చూస్తుంది, దానికి మనిషీ గోడా ఒకటే. చామనఛాయ మనిషిని తెల్లటి ఆకాశం ముందు నిలబెడితే ఆకాశాన్ని తగ్గించబోయి మొహాన్ని బొగ్గు చేస్తుంది, అదే మనిషిని నల్లటి గోడ ముందు నిలబెడితే వెలుగు పెంచేసి మొహాన్ని సున్నం కొడుతుంది. మొదటిదానికి ఎక్స్‌పోజర్, అంటే ఫోటోలోకి వచ్చే వెలుగు, ప్లస్ వైపు జరపాలి, రెండోదానికి మైనస్ వైపు, ఫోన్‌లో అయితే మొహం మీద వేలు నొక్కి పట్టి పైకో కిందికో జరిపితే చాలు. ఈ చిన్న పని ఎవరూ చెప్పరు, చెప్పకుండా "మీరు కొంచెం డార్క్ కదా, ఎడిటింగ్‌లో తెల్లగా చేద్దాం లెండి" అంటారు. పెళ్ళి ఆల్బమ్ చేతికొచ్చాక పెళ్ళికూతురిని సొంత మేనత్త గుర్తుపట్టని కేసులు మా చుట్టాల్లోనే ఉన్నాయి. ఫిల్మ్ రోజుల్లో కోడాక్ వాళ్ళు ల్యాబులకి షర్లీ కార్డులని పంపేవాళ్ళు, వాటి మీద ఉండేది ఒక తెల్లమ్మాయి, ఆమె చర్మం సరిగ్గా వస్తే ప్రింటు సరిగ్గా ఉన్నట్టు లెక్క. అప్పట్లో అది వాళ్ళ దేశం వాళ్ళ వ్యాపారం అనుకోవచ్చు, ఇప్పుడు మన ఫోన్‌లో మనమే బ్యూటీ ఫిల్టర్ ఆన్ చేసి అమ్మ మొహంలో ముడతలూ రంగూ రెండూ తుడిచేస్తుంటే ఎవర్ననాలి? ముందు ఆ ఫిల్టర్ ఆపెయ్యమని మొదటి పాఠంలోనే రాయండి.

ఫోన్ గురించి ఇంకో రెండు ముక్కలు. మెయిన్ కెమెరా వైడ్‌గా ఉంటుంది, మొహానికి దగ్గరగా వెళ్ళి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి, ఆరేడు అడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్ పెట్టుకోండి. వెనకదంతా మసక చేసే పోర్ట్రెయిట్ మోడ్ జుంకీల అంచులు, జడలో మల్లెపూల అంచులు కొరికేస్తుంది, దాని బదులు మనిషిని గోడకి ఆనించకుండా వెనక బాగా ఖాళీ ఉండేలా నిలబెడితే అసలు బ్లరే కొంత వస్తుంది, కెమెరా ఉండి దానితోపాటే వచ్చే 18-55 కిట్ లెన్స్ ఉన్నవాళ్ళు దాన్ని పూర్తిగా జూమ్ చేసి 55 దగ్గర పెట్టి ఇదే పని చేస్తే ఇంకా బాగా వస్తుంది. ఫోకస్ మనకి దగ్గరగా ఉన్న కన్ను మీద పెట్టాలి. బిగుసుకుపోయేవాళ్ళని స్మైల్ స్మైల్ అని విసిగించకుండా పొద్దున ఏం టిఫిన్ చేశారు, సాంబార్‌లో బెల్లం వేశారా అని అడగండి, బెంగళూరు తెలుగువాళ్ళు ఆ ప్రశ్నకి మొహంతోనే జవాబు చెప్తారు.

కాబట్టి మీరు ఈ శీర్షిక కొనసాగిస్తే కెమెరా బ్రాండ్ల పట్టిక ఆపి, పాఠకులు తీసిన ఫోటోలే వెయ్యండి, ప్రతి ఫోటో కింద ఏ నెల, ఎన్ని గంటలకి, మొహం ఏ దిక్కుకి ఉంది, ఏ నీడలో నిలబెట్టారు అని ఒక లైను అచ్చెయ్యండి. పార్కుల్లో ఫోన్‌తో ఇంట్లోవాళ్ళని తీసుకోడానికి ఎక్కడ అభ్యంతరం లేదు, పెద్ద కెమెరాకి, డబ్బులు తీసుకుని చేసే షూట్లకి ఎక్కడ పర్మిషన్ కావాలి అన్నది కూడా ఉద్యానశాఖని అడిగి తెలుగులో ఒకసారి వేస్తే గేటు దగ్గర వాచ్‌మన్‌తో మా గొడవ తప్పుతుంది. మా పిన్ని ఫోటో కావాలంటే పంపిస్తాను, ఆవిడ సరేనంది, తెల్లగా మాత్రం చెయ్యొద్దంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
మారతహళ్లి, బెంగళూరు