పెళ్లికీ విషానికీ ఒకే మాట

బెర్గెన్

తాతయ్యకు నమస్కారాలు.

నార్వే వాళ్లు పెళ్లిని ఏమంటారని ఫోన్లో అడిగారు. ఆ కథ రాస్తేనే బాగుంటుంది.

వేడుక పేరు 'బ్రిల్లుప్'. ఇక్కడి పూర్వకాలపు భాష పాత నార్స్‌లో దీని అర్థం పెళ్లికూతురి పరుగు! వధువును వరుడి ఇంటికి తీసుకెళ్లే ప్రయాణం నుంచి వచ్చిందంటారు.

అసలు తమాషా 'పెళ్లయింది' అనే మాటలో ఉంది. ఇంగ్లీషు గిఫ్ట్ స్పెల్లింగే, కానీ 'యిఫ్ట్' అని పలకాలి. 'ఇవ్వడం' అనే క్రియకి చుట్టం. అంటే 'ఇచ్చేసిన పిల్ల' అన్నమాట. మనం పిల్లనిచ్చాం, పిల్లనిచ్చిన మామ అంటాం కదా, సరిగ్గా అదే ఆలోచన. ఇప్పుడు మగవాళ్లకీ ఇదే మాట వాడతారు. పెళ్లి చేసుకోవడాన్ని 'యిఫ్టె సై' అంటారు, తనని తానే ఇచ్చుకోవడం. ఇచ్చే తండ్రి పక్కకి తప్పుకున్నాడు. నాకు ఈ మార్పు నచ్చింది, మీరేమంటారో మరి.

విషానికీ ఇక్కడ యిఫ్ట్ అనే అంటారు. ఆఫీసులో పెళ్లైన మగవాళ్లంతా ఈ జోక్ వేసి తామే మొదట కనిపెట్టినట్టు నవ్వుతారు. నిజానికి విషం అర్థం జర్మన్ వైపు నుంచి వచ్చింది. మందు మోతాదుని గ్రీకులో 'దోసిస్' అంటారు, అంటే ఇచ్చినది. జర్మన్లు దాన్ని తమ భాషలోకి 'గిఫ్ట్' అని మార్చుకున్నారు, అది మెల్లగా విషమైంది. ఆ దోసిస్, సంస్కృత 'దానం' ఒకే ధాతువు పిల్లలు. కన్యాదానంలోని దానానికి మన డోసు దాయాది అన్నమాట!

జర్మన్ మాటలు ఇక్కడ బోలెడు. మా ఊరి బ్రిగ్గెన్ రేవులో హన్సా అనే జర్మన్ వర్తక సంఘం వాళ్లు 14వ శతాబ్దం నుంచి 1754 దాకా తిష్ఠ వేశారు మరి. వివాహబంధానికి వాడే 'ఎక్తెస్కాప్'లో 'ఎక్తె' కూడా వాళ్ల భాషదే, చట్టబద్ధమైనదని అర్థం.

పెళ్లి లేకుండా కలిసి ఉండేవాళ్లు 'సామ్‌బూయెర్'. 1972 దాకా అది నేరం, ఇప్పుడు మామూలు విషయం. అమ్మకి చదివి వినిపించేటప్పుడు ఈ రెండు వాక్యాలూ దాటేయండి, లేనిపోని టెన్షన్.

మన 'పెండ్లి' ఎక్కడి మాటో సూర్యరాయాంధ్ర నిఘంటువు తీసి చూసి రాయండి. అమ్మమ్మని మోకాళ్ల మందు మానొద్దని చెప్పండి.

మీ మనవరాలు