ఖ్మేర్ పెద్దవాళ్ల దగ్గరికి సువార్తతో వెళ్లేముందు

సంపాదకులకు నమస్కారం.

ఇక్కడ కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో కంబోడియన్ల మధ్య తమ సంఘం చేస్తున్న సువార్త సేవ గురించి ఒక తెలుగు సోదరుడు రాసిన లేఖ గత వారం మీ ప్రవాస పేజీలో చదివాను. చనిపోయినవాళ్లకు అన్నం పెట్టే అంధకారం నుంచి వాళ్లను బయటికి తేవాలని ఆయన రాశారు. ఆ మాట దగ్గర నా మనసు చివుక్కుమంది. నేనూ క్రైస్తవురాలినే. గుంటూరులో లూథరన్ కుటుంబంలో పుట్టి, ఇక్కడ వృద్ధుల సంరక్షణ కేంద్రంలో నర్సుగా పనిచేస్తున్నాను.

ముందు ఆ అన్నం సంగతి చెప్పాలి. భాద్రపద బహుళంలో, మన దగ్గర మహాలయ పక్షాలు జరిగే రోజుల్లోనే, ఖ్మేర్లు, అంటే కంబోడియా జనం, చనిపోయినవాళ్లను తలుచుకునే ప్చుమ్ బెన్ పండుగ జరుపుకుంటారు. తెల్లవారకముందే బౌద్ధ విహారానికి వెళ్లి, నువ్వులు కలిపిన జిగురు బియ్యపు ముద్దలు పట్టుకుని గుడి చుట్టూ తిరుగుతూ చీకట్లోకి విసురుతారు. దిక్కులేక ఆకలితో తిరిగే తమవాళ్లకు అవి అందుతాయని నమ్మకం. 1975 ఏప్రిల్ నుంచి 1979 జనవరి దాకా కంబోడియాలో సాగిన ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టుల పాలనలో దాదాపు 17 లక్షల మంది పోయారు. చంపేసినవాళ్లు కాక, తిండిలేక, జబ్బుచేసి, వెట్టిచాకిరీతో పోయినవాళ్లు లక్షల్లో ఉన్నారు. శవం ఎక్కడ పడేశారో తెలియదు. వచ్చి నాలుగు మాటలు చదవడానికి భిక్షువు కూడా లేడు. భిక్షువులను చంపారు, మిగిలినవాళ్ల చేత కాషాయం విప్పించారు. ఆకలితో పోయిన బిడ్డకు తల్లి ఏడాదికోసారి పెట్టుకునే ముద్ద అది.

నవంబరు 2న సమాధుల పండుగకు మనం ఏం చేస్తాం? సమాధులకు సున్నం కొట్టి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి, చాలాసేపు అక్కడే కూర్చుంటాం. వీళ్లకు కూర్చోడానికి సమాధి కూడా లేదు.

మా కేంద్రంలో ఒక ఖ్మేర్ అవ్వ ఉంది. నిప్పు వెలిగించనివ్వరు కాబట్టి, చిన్న బుద్ధ విగ్రహం ముందు బ్యాటరీ కొవ్వొత్తి, కప్పులో కాస్త అన్నం పెట్టుకుంటుంది. పలకరించడానికి వచ్చిన ఒక చర్చి బృందంలో ఎవరో, అది దయ్యాలకు పెట్టే తిండి, తీసేయమని చెప్పారు. చెప్పినవాళ్లది చెడ్డ మనసేమీ కాదు. ఆమె ఎదురు మాట్లాడలేదు, కప్పు తీసి సొరుగులో పెట్టేసింది. ఆ రాత్రి భోజనం ముట్టలేదు. కూతురు వచ్చి నచ్చజెప్పేదాకా మాకందరికీ టెన్షనే.

ఆమె ఎందుకు ఎదురు చెప్పలేదో కూడా తెలుసుకోవాలి. 1980ల్లో థాయ్ సరిహద్దు శరణార్థి శిబిరాల నుంచి వచ్చిన చాలా కుటుంబాలకు స్పాన్సర్లు చర్చిలే. అద్దె కట్టారు, చలికోట్లు ఇచ్చారు, పిల్లల్ని బడిలో చేర్పించారు. మా లూథరన్లూ అందులో ఉన్నారు, అందుకు నాకు గర్వంగానే ఉంది. ఆ కృతజ్ఞత కొద్దీ ఎంతోమంది ఆదివారం చర్చికి వెళ్లారు, పండగలకు విహారానికీ వెళ్లారు. మనస్ఫూర్తిగా క్రీస్తును నమ్ముకున్న ఖ్మేర్లూ ఉన్నారు, వాళ్ల విశ్వాసాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ మొహమాటంతో తలూపిన ముసలావిడను మారుమనస్సు పొందినవారి లెక్కలో రాసుకోవడం న్యాయం కాదు.

ఆ లేఖ రాసిన సోదరుడు, మహా ఘోసానంద అనే ఆయన గురించి తెలుసుకోవాలని నా కోరిక. నలందాలో చదువుకున్న ఈ ఖ్మేర్ భిక్షువు శరణార్థి శిబిరాల్లో గుడిసెలతోనే గుళ్లు నిలబెట్టారు. 1980లో ఆయనతో కలిసి శాంతి కోసం సర్వమత సంస్థ పెట్టింది పీటర్ పాండ్ అనే క్రైస్తవ పాస్టర్. బతికి బయటపడ్డ వందలాది భిక్షువులను, సన్యాసినులను వెతికి పట్టుకుని, వాళ్లు మళ్లీ దీక్ష తీసుకునేలా ఆ ఇద్దరూ సాయపడ్డారు. ఒక పాస్టర్ బౌద్ధుల దీక్షకు తోడు నిలిచాడు. దానివల్ల ఆయన క్రైస్తవం ఏమీ తగ్గిపోలేదు.

ఇక్కడి తెలుగు సంఘాలకు నా మనవి. ప్చుమ్ బెన్ పదిహేను రోజులూ కరపత్రాలు పట్టుకుని ఖ్మేర్ల పేట అయిన కంబోడియా టౌన్‌కు వెళ్లకండి. కేర్ సెంటర్లలో పెద్దవాళ్లు అడగనిదే వాళ్ల కోసం ప్రార్థన మొదలుపెట్టకండి. సేవే చేయాలనుకుంటే చేతినిండా పనుంది: ఆస్పత్రి అపాయింట్‌మెంట్లకు ఖ్మేర్ భాష వచ్చిన మనిషిని వెంట పంపడం, నడవలేనివాళ్ల దగ్గరికి భిక్షువులను కారులో తీసుకురావడం. మా కేంద్రంలో రెండోదానికి ఇప్పటికీ మనుషులు దొరకడం లేదు.

— ఒక పాఠకురాలు, లాంగ్ బీచ్, కాలిఫోర్నియా