బ్రో అన్నాడంటే వాడు నేను కాదు

విజయనగరం,
ఆదివారం.

ఒరే సన్నాసీ,

ఉత్తరం చూసి కంగారు పడకు, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. చెప్పొచ్చు గానీ ఆఖర్న ఒక ముక్క ఉంది, అది కాయితం మీదే చెప్పాలి.

నా పేరుతో ఎవడో దొంగ నీకు పంపిన ఆ మెసేజ్ రోజుకోసారైనా తీసి చూస్తున్నాను. "హాయ్ బ్రో, అర్జెంట్. వైఫ్ హాస్పిటల్లో ఉంది. 15000 పంపు, మార్నింగ్ ఇచ్చేస్తా." పుట్టి బుద్ధెరిగాక నిన్నెప్పుడైనా బ్రో అన్నానేట్రా? ఆ ఒక్క మాటకే నీకు అనుమానమొచ్చి ఫోన్ చేశావు. మా బామ్మర్దికి ఆపాటి కూడా తట్టలేదు. నేను బ్రో అన్నానని పొంగిపోయాడో ఏమో, 8 వేలు పంపేశాడు. హాస్పిటల్లో ఉందన్నది వాళ్ళ సొంత అక్క! ఆవిడకొక ఫోన్ కొడదామని తోచాలా వద్దా? ఆ టైముకి ఆవిడ వంటింట్లో చారుకి చింతపండు పిసుకుతోంది.

తెలిసిన వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయించాను. ఏ బ్యాంకు, ఎంత, ఎన్నింటికి, ట్రాన్సాక్షన్ నంబరెంత అని అడిగారు. మావాడు ఆ 12 అంకెలూ చదవడానికి రెండుసార్లు తడబడ్డాడు. డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి దాటిపోకముందే చెబితే ఆపడం కుదురుతుంది, అందుకే ఆలస్యం చెయ్యకూడదు. ఎక్కడో ఆగిందన్నారు. చేతికింకా రాలేదు.

ఇంతకీ నా ఖాతాని ఎవడూ హ్యాక్ చెయ్యలేదురా. అదే నాకు సిగ్గు. సిరిమాను జాతర నాడు మా ఊళ్ళో మూడు లాంతర్ల సెంటర్ దగ్గర పసుపు చొక్కాతో దిగిన ఫోటో ఫేస్‌బుక్‌లో పెట్టాను కదా, నువ్వు కూడా లైకు కొట్టావు. అది ఊరందరికీ కనిపించేలా పెట్టింది నేనే. స్నేహితుల జాబితా కూడా బార్లా తెరిచే ఉంది. వాడు ఆ ఫోటో దించుకుని, నా పేరుతో ఇంకో ఖాతా తెరిచి, జాబితా చూసుకుంటూ మీకందరికీ రిక్వెస్టులు పంపాడు. పాస్‌వర్డుతో పనేముంది వాడికి?

ఇప్పుడు జాబితా నాకు తప్ప ఎవరికీ కనిపించదు. ప్రొఫైల్‌కి తాళం వేశాను. ఆ తాళం మనదేశంలోకి 2020లోనే వచ్చింది, నేనే పట్టించుకోలేదు. దొంగ ఖాతా మీద తెలిసినవాళ్ళందరిచేతా రిపోర్టు కొట్టించాను. వాట్సాప్‌కి ఆరంకెల పిన్ను కూడా పెట్టాను. అది నువ్వూ పెట్టుకో, రెండు నిమిషాల పని.

ఇదొక ఎత్తు, మా తమ్ముడి సంగతి ఇంకొక ఎత్తు. సంబంధం మాట్లాడ్డానికి బొబ్బిలి నుంచి వచ్చినవాళ్ళు కట్నకానుకల మాటే ఎత్తలేదు. పెళ్ళికూతురి అన్న ఫోన్ తీసి, "ఇది మీవాడు రాసిందేనా అండీ?" అని మా అమ్మ ముందు పెట్టాడు. కాలేజీ రోజుల్లో ఏదో సినిమా పోస్టు కింద అవతలి హీరో అభిమానిని తిట్టిన తిట్లు! మా అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదవబోతే చటుక్కున లాక్కున్నాను. పాత పోస్టులన్నిటినీ ఒక్క నొక్కుతో స్నేహితులకే పరిమితం చెయ్యొచ్చు, వాడు అది చేశాడు కూడా. కానీ ఇంకొకడి పోస్టు కింద మనం రాసినదానికి అది పనిచెయ్యదు. మనం చేసినవన్నీ వరసగా కనిపించే యాక్టివిటీ లాగ్‌లోకి వెళ్ళి ఒక్కోటి ఏరి తీసెయ్యాల్సిందే. రాత్రి పన్నెండు దాకా కూర్చుని తీశాడు. స్క్రీన్‌షాట్లు ఎవరి దగ్గరున్నాయో మరి! సంబంధమైతే ఇంకా తేలలేదు.

నీకు కోపమొచ్చినా సరే, ఇదొకటి చెప్పాలి. పాప బడికెళ్ళే ఫోటో రోజూ స్టేటస్‌లో పెడుతున్నావు. యూనిఫాం మీద బడి పేరు, వెనకాల మీ అపార్టుమెంటు బోర్డు, కింద "8.10 బస్సు" అని నీ కవిత్వం. నీ కాంటాక్టుల్లో గ్యాస్ అబ్బాయి నుంచి ఎప్పుడో ఇల్లు చూపించిన బ్రోకరు దాకా ఉన్నారు కదరా. మానెయ్యమనను, వెనక నుంచి తియ్యి, టైము రాయకు.

2017లో సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు కూర్చుని గోప్యత ప్రాథమిక హక్కని తేల్చారు. మా మావయ్య ఫ్యామిలీ గ్రూపులో ఆ తీర్పు చెల్లదు. నా షుగర్ రిపోర్టు అడక్కుండానే అందులో పెట్టేశాడు. 143 అట, అందరూ దండం బొమ్మలు పెట్టారు.

సరే, అసలు ముక్క. ఇకమీదట నా పేరుతో డబ్బడుగుతూ ఏదొచ్చినా, గొంతు అచ్చం నాదే అయినా, ఒకటడుగు: పెద్దచెరువు గట్టు మీద సైకిలు పోయిన రోజున మీ నాన్నగారికి ఏం అబద్ధం చెప్పాం? జవాబు ఇందులో రాయను. ఈ ఉత్తరాన్ని ఫోటో తీసి నువ్వు స్టేటస్‌లో పెడతావని నాకు తెలుసు.

నీ,
పసుపు చొక్కా