తాళంచెవి రాని సినిమా

తిరుపతి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ ప్రసాదూ,

ఫోన్‌లో సగం చెప్పి పెట్టేశాగా, మిగతాది ఇదిగో. ఫిల్మ్ ఫెస్టివల్‌కి వెళ్ళానంటే నవ్వావు. నవ్వుకో.

ఆట పదింటికి. పదింపావైనా తెర తెల్లగానే ఉంది. ఇప్పుడు రీళ్ళు లేవు కదా, సినిమాని హార్డ్ డిస్క్‌లో తాళం వేసి పంపుతారు. తాళంచెవి మెయిల్లో వస్తుంది. ఫలానా సర్వర్‌లో, ఫలానా గంట నుంచే పనిచేస్తుంది. ఆ చెవి చేసినవాడెవడో మన టైము బదులు గ్రీన్‌విచ్ టైములో పది అని కొట్టాడట. అంటే మనకి మధ్యాహ్నం మూడున్నర! పాపం, డైరెక్టర్ టెన్షన్ చూడాల్సిందే. కొత్త చెవి వచ్చేసరికి నలభై నిమిషాలు. ఈలోగా ఒక రిటైర్డ్ మాస్టారు లేచి, మన చిత్తూరు నాగయ్య 1946లో 'త్యాగయ్య'కి దర్శకత్వం, సంగీతం, వేషం మూడూ తానే చేశాడని మొదలుపెట్టి, కీర్తన కూడా అందుకున్నాడు. గొంతు బాగానే ఉందిలే.

సినిమాలో కథంటూ పెద్దగా లేదు. పీలేరు వైపు రైతు, ఎండిన బోరు, ఇంకో బోరుకి అప్పు. బోరు బండి దింపుతుంటే నాలుగు నిమిషాలు కెమెరా కదల్లేదు. ఇంకెక్కడైనా అయితే ఫోన్ తీసేవాణ్ణే. కానీ ఆ డైరెక్టర్ వెనక తలుపు దగ్గర నిలబడి, తెరని కాదు, మా తలల్ని చూస్తున్నాడు. ఒకాయన బాత్రూంకి లేస్తే, తిరిగొచ్చేదాకా ఈయన చూపు తలుపు మీదే. నాకు దగ్గొస్తే మింగేశా. అంతలో తెల్లటి రాతిపొడి రంగు మారి ముద్దలుగా పడసాగింది. తెరమీద ఇంకా ఎవరూ గమనించలేదు, నా పక్కన పంచెకట్టు పెద్దాయన మాత్రం "తేమ తగిల్నాది" అన్నాడు. అంతే, ఆ తర్వాత మళ్ళీ పొడే.

ఆట అయ్యాక మైకు ఆయనకే ఇచ్చారు.

"కొబ్బరికాయ చేతిలో పెట్టుకోని నీళ్ళు జూసినాయన ఉండాడే, కాయ లేస్తా ఉంటే మసగ్గా తీసినావేం?"

"ఆయన నటుడు కాదు సార్, నిజంగానే నీళ్ళు చూసే మనిషి. ఫోకస్ తప్పింది, ఇంకోసారి చేయమన్నా. నీళ్ళుండే చోట ఒకసారే లేస్తాది, నీకోసరం మల్లా లేస్తాదా అన్నాడు."

"ఆడ్నే ఏసినారా బోరు?"

"అక్కడే. రెండించుల నీళ్ళు పడ్డాయి."

"మరి సినిమాలో ఎందుకు ఎండబెడితివి?"

డైరెక్టర్ తల గోక్కున్నాడు. మైకు ఇంకొకరికి వెళ్ళిపోయింది. నేను బస్సు టికెట్ వెనక రాసుకున్న ప్రశ్న జేబులోనే ఉంది, దాని ముందు నాదేం ప్రశ్నలే.

సంక్రాంతికి వస్తున్నావా లేదా? అమ్మ నాలుగోసారి అడిగింది.

నీ
రమణ