సీటు పాన్‌లు ఎందుకు లేటయ్యాయంటే

ట్రాక్టర్ సీటు పాన్‌ల (సీటుకి అడుగున ఉండే, ప్రెస్సులో నొక్కి చేసే రేకు పళ్ళెం) కోసం ఎదురుచూస్తున్న అందరికీ ముందుగా సారీ. చెప్పిన తేదీ దాటి రెండు వారాలైంది, ఫోన్లో "రేపు, ఎల్లుండి" అని నెట్టుకొచ్చింది నేనే.

బోల్టులు పడే మధ్య భాగానికి 2 మిల్లీమీటర్ల రేకు, పక్కలకి 1.2 రేకు అతికించి, ఆ తర్వాత ప్రెస్సులో వేస్తే బరువూ ఖర్చూ తగ్గుతాయనుకున్నా. కార్ల డోర్లకి పెద్ద కంపెనీలు చేసేది ఇదే కదా అని ధీమా. తీరా చూస్తే మొదటి లాటులో సగానికి పైగా చిరిగాయి.

మా వెల్డర్‌ని అనవసరంగా తిట్టాను. పగులు వెల్డులో లేదు, దానికి వేలి వెడల్పు దూరంలో, పల్చటి రేకులో, అతుకు వెంబడే గీత గీసినట్టు ఉంది. ఒక రేకు మీద మార్కరుతో రూపాయి బిళ్ళంత సున్నాలు గీసి నొక్కి చూశాం. మందం వైపు సున్నాలు అలాగే ఉన్నాయి, పల్చటి వైపువి కోడిగుడ్లలా సాగాయి, అతుకు కూడా మందం వైపుకి జరిగింది. అతుక్కి అడ్డంగా లాగితే రెండు రేకుల మీదా ఒకటే బలం, కానీ పల్చటిది ముందే లొంగిపోతుంది, రెండోది కదలదు, ఇక సాగే పనంతా పాపం దాని మీదే.

మూలల్లో కథ వేరు. అక్కడ లాగుడు అతుకు పొడవునా ఉంటుంది కాబట్టి రేకుతో సమానంగా వెల్డూ సాగాలి, చప్పున చల్లారి గట్టిపడిన వెల్డు సాగదు, అడ్డంగా పుటుక్కుమంటుంది. ఇది మాత్రం మా మిగ్ వెల్డింగు (తీగ కరిగించి అతికేది) పుణ్యమే. అందుకే అతుకులు లేజర్ జాబ్‌వర్కుకి ఇచ్చాం.

ఇప్పుడు పక్కలకి 1.6 రేకు. మందాల్లో తేడా తగ్గేసరికి చిరగడం ఆగింది. అతుకుని లోతు వంపుకి దూరంగా జరిపాం. పల్చటి వైపు 0.4 షిమ్ము (సందు నింపే పల్చటి రేకు ముక్క) కూడా వేశాం, లేకపోతే నొక్కేటప్పుడు రేకు అంచుల్ని పట్టుకునే పట్టు ప్లేటు మందం రేకు మీదే ఆనుకుని ఇవతలి వైపు వదులై ముడతలు పడుతోంది.

బరువు కాస్త పెరుగుతుంది, రేటు మాత్రం ఈ లాటుకి పాతదే. 1.2 రేకే కావాలంటే పాన్ లోతు తగ్గించుకోవాలి, లేదంటే నేను ఒప్పుకోను.

మొదటి లాటులో చిరగనివి కొన్ని ఇప్పటికే మీ దగ్గరికి వచ్చాయి. అతుకు పక్కన పల్చటి వైపు వేలితో తడిమి చూడండి, సన్నటి గాడిలా తగిలితే బిగించకండి, తెచ్చేస్తే మార్చి ఇస్తాను.