ఆరోగ్య శాఖ మంత్రి గారికి: మా పిల్లల్ని కూడా లెక్కలోకి తీసుకోండి

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలండి,

మాది కోనసీమ, అంబాజీపేట దగ్గర ఒక ఊరు. సెన్సరీ ప్రాసెసింగ్ డిజార్డర్ ఉన్న పిల్లల గురించి రాస్తున్నాను. ఈ పిల్లలకి చెవులు బానే వినిపిస్తాయి, కళ్ళు బానే కనిపిస్తాయి, కానీ అక్కణ్ణించి వచ్చేదాన్ని మెదడు సర్దుకోలేదండి, కొందరికి మిక్సీ చప్పుడు కూడా భరించలేనంత అయిపోద్ది, ఇంకొందరికి మోకాలు చీరుకుపోయినా తెలీదు. అమెరికాలో జీన్ ఏయర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు చేసుకునేలా సాధన చేయించే నిపుణురాలు) దీని మీద 1972లోనే పుస్తకం రాశారు, మన దగ్గర మాత్రం ఇప్పటికీ మొండితనం అంటారు, లేదా దిష్టి అంటారు.

మా బాబు రెండో తరగతి. యూనిఫాం కాలర్ వెనక సైజు చీటీ ఉంటది కదండి, అది కత్తిరించేసినా కుట్టు మిగిలిపోద్ది, ఆ దారం తగిలితే చాలు మెడ ఎర్రగా కందిపోయేదాకా గోక్కుంటాడు, అందుకే బ్లేడుతో ఆ కుట్టు మొత్తం విప్పేసి లోపల మెత్తటి పాత పంచె గుడ్డ వేసి మళ్ళీ కుడతాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర స్టీలు పళ్ళేలన్నీ ఒకేసారి మోగితే చెవులు మూసుకుని మూలకి పోయి కూర్చుంటాడు, అన్నం తినడు. కనుమకి ఊరంతా జగ్గన్నతోట ప్రభల తీర్థానికి కదిలితే మేమిద్దరం తలుపులేసుకుని ఇంట్లోనే ఉంటాం.

ఆస్పత్రిలో చూపిస్తే ఆటిజం కాదు, తెలివి బాగుంది, వైకల్యం సర్టిఫికెట్ ఇవ్వడానికి ఏ రకం కిందా రాదు అన్నారు. డాక్టర్ గారిని ఏమీ అనట్లేదు, ఆయన చేతిలో ఉన్న లిస్టు అదే. 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలుండేవి, 2016 చట్టంలో 21 చేశారు, అందులో ఆటిజం ఉంది, లెర్నింగ్ డిజేబిలిటీ ఉంది, ఇది లేదు. అయితే ఆ చట్టం షెడ్యూల్ చివర్లోనే కేంద్రం ఇంకో రకాన్ని నోటిఫై చేయొచ్చని రాసి ఉంది.

దీన్ని విడి జబ్బుగా ఒప్పుకోని డాక్టర్లు ఉన్నారని నాకు తెలుసండి. 2012లో అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ ఈ పేరుతో డయాగ్నోసిస్ రాయొద్దంది, 2013లో వచ్చిన డీఎస్ఎం-5లోనూ, అంటే అక్కడి మానసిక వైద్యులు జబ్బుల్ని గుర్తించడానికి వాడే పుస్తకంలోనూ, విడిగా చేర్చలేదు. కానీ అదే డీఎస్ఎం-5 శబ్దానికీ స్పర్శకీ అతిగా స్పందించడాన్ని ఆటిజం లక్షణాల్లో రాసింది, అంటే ఆ బాధ ఉందని వాళ్ళకీ తెలుసు, మరి ఆటిజం లేకుండా అదే బాధ పడే పిల్లాడు ఎక్కడికి పోవాలి? డాక్టర్లు పేరు తేల్చుకునేలోపు వీడి బడి చదువు అయిపోద్ది.

మీ చేతిలో ఉన్నవే అడుగుతున్నాను. పిల్లల ఆరోగ్యం పరీక్షించే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) టీములు ఎలాగూ అంగన్‌వాడీలకి, బడులకి వస్తున్నాయి, వాళ్ళ ఫారంలో చప్పుడు, బట్ట, తిండి, కదలిక గురించి నాలుగు ప్రశ్నలు కలపండి. అమలాపురం ఏరియా ఆస్పత్రిలో వీళ్ళని చూసే ఆక్యుపేషనల్ థెరపిస్టుని పెట్టండి, థెరపీకని కాకినాడ దాకా పోవాలంటే రోజు కూలి పోద్ది, పిల్లాడు బస్సు హారన్లకే సగం అలిసిపోతాడు, ఇంక అక్కడ నేర్చుకునేదేముంది. విద్యా శాఖతో మాట్లాడి, థెరపిస్టు చీటీ రాసిస్తే చాలు, పిల్లాణ్ణి భోజనానికి వేరే చోట కూర్చోబెట్టమని, మెత్తటి బట్ట వేసుకోనివ్వమని బడులకి సర్క్యులర్ ఇప్పించండి, దీనికి పైసా ఖర్చు లేదు.

ఇక ఆ షెడ్యూల్ కింద దీన్ని చేర్చే విషయం పరిశీలించమని రాష్ట్రం తరఫున కేంద్రానికి ఉత్తరం రాయండి. ఎప్పుడు రాస్తారో మాకు చెప్పండి.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక తల్లి